తడిపిన ఆకు

మే పన్నెండు, మధ్యాహ్నం మూడు నలభైకి బోధన్ శివారులో పదహారేళ్ల రమ్య ఒక తెల్ల కారెక్కింది. మళ్లీ ఇంటికి రాలేదు. ఫోను కలవడం లేదు.

అయిదింటికల్లా వాడకట్టంతా చాయ్ హోటల్ ముందు చేరింది. ఠాణాకు పోదామని లేచిన రమ్య తండ్రి ముత్యంను నలుగురూ పట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు.

“నా కండ్లతోని సూసిన. ఎవ్వలు గుంజలే. తనే డోరు తీస్కొని ఎక్కింది,” అన్నాడు కిరాణా కొట్టు లింబయ్య. “కేసు పెడితే పేపర్ల పడ్తది. రేపు పిల్లను ఎవలు చేస్కుంటరు? రెండు రోజులు ఆగు, తనే ఫోన్ జేస్తది.”

ముత్యం బెంచీ మీదే ఉండిపోయాడు. అతని తల్లి పెంటవ్వ అది చూసి ఇంటికి నడిచింది. మనవరాలు బట్టలేమైనా తీసుకుపోయిందా చూద్దామని వెళ్లింది. వంటింటి మూల తడి గోనెపట్టాలో చుట్టిన బీడీ ఆకు కనిపించింది. పెంటవ్వ నలభై ఏళ్లుగా బీడీలు చేస్తోంది. సెలవుల్లో ఆకు తడిపేదీ, కత్తిరించేదీ రమ్యే. తడిపిన ఆకు ఆ పూటే కత్తిరించాలి, లేదంటే బూజు పడుతుంది.

పెంటవ్వ ఆ కట్టను తెచ్చి కొడుకు పక్కన పెట్టింది.

“పొద్దుగూకినంక కోసెటందుకు తడిపింది. పోయేటిది ఆకు తడిపి పోతదా?”

“ఆకును సాక్ష్యం తెచ్చినవా అవ్వా? ఇగ కత్తెరను గూడ తీస్కపో,” అన్నాడు లింబయ్య. కొందరు నవ్వారు.

“నీ పెండ్లాన్ని అడుగు లింబయ్యా,” అంది బీడీల చాట పక్కన పెట్టి వచ్చిన పొరుగింటి ప్రమీలమ్మ. “ఆకు తడిపిననాడు తల్లిగారింటికన్న పోయిందా?”

వాడకట్టు ఆడవాళ్లందరూ బీడీలు చేసేవాళ్లే. మళ్లీ ఎవరూ నవ్వలేదు. ముత్యం కట్ట విప్పి ఆకు తడిమి చూశాడు.

“నడువు అవ్వా,” అని లేచాడు.

మూడు ఆటోల్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు వెంట కదిలారు. అయిదు నలభైకి ఠాణాలో కానిస్టేబుల్ పుష్పలత ఫిర్యాదు రాసుకుంది. కిడ్నాప్ కేసు నమోదైంది. ఆరు ఇరవైకి రమ్య ఫోను ఆఖరిసారి ఏ టవరు కింద పనిచేసిందో తెలిసింది. అది నవీపేట్ వైపు టవరు. జీపులు అటు పోయాయి.

ఏడు అయిదుకు జీపుల్లో పోయిన పోలీసుల నుంచి పుష్పలతకు ఫోను వచ్చింది. ఆమె దాన్ని పెంటవ్వ చెవికి ఆనించింది.

“అవ్వా, నేనే. బాపు ట్రాక్టర్ బోల్తా పడ్డది, దవాఖానల ఉన్నడు అని కార్లున్నోళ్లు అన్నరు. అందుకే ఎక్కిన. బాపు మంచిగున్నడా?”

“నీ బాపు నా పక్కనే ఉన్నడు బిడ్డా!” అని పెంటవ్వ అరిచింది. పద్నాలుగు మందీ ఒక్కసారే కేక పెట్టారు. వెనకాలే వచ్చి ఠాణా బయట నిలబడ్డ లింబయ్య చెప్పులు వదిలి లోపలికి వచ్చి ముత్యం చేతులు పట్టుకున్నాడు.

రమ్య నవీపేట్ అవతల, ముందు తెల్ల కారు ఆగి ఉన్న ఖాళీ కోళ్ల షెడ్డులో దొరికింది. ఒంటి మీద దెబ్బలు లేవు. ఇద్దరు మగవాళ్లనూ, ఒక ఆడమనిషినీ అక్కడే అరెస్టు చేశారు. ఏడు యాభైకి రమ్య ఠాణా ముందు జీపు దిగింది.