కనురెప్పకో స్ఫటికం

వకుళ ల్యాబు తలుపు తీసేసరికి పొద్దుటి ఎండ నేలమీద ముక్కలై పడి ఉంది.

కిటికీ అద్దం చెక్కుచెదరలేదు. విరిగింది అద్దం కాదు, అందులోంచి వచ్చిన వెలుగు. జానెడు ముక్కలు, బెత్తెడు ముక్కలు బల్ల కిందిదాకా చెల్లాచెదురై ఉన్నాయి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. వకుళ బయట విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుని, వాటిని తొక్కకుండా బల్ల దగ్గరికి వెళ్తుంది.

గాజుపలక మీద ఆమె స్ఫటికం ఉంది. తలవెంట్రుక కన్నా కాస్త లావు, పసుప్పచ్చటి సూది. నిన్న వెలుగు తగలగానే వానపాములా వంగింది, తీసేస్తే నిటారైంది. ఈ పొద్దు కర్రలా బిగుసుకుని ఉంది. దాని మీద పడే విరిగింది ఎండ.

"యాందిది వకుళా? బీకర్లు చాల్లేదని ఎండను కూడా పగలగొట్టినావా?"

గుమ్మంలో బాషన్న. ఆ ల్యాబులో ఆమెకన్నా ముందు చేరిన పరిశోధకుడు.

"నేను కాదన్నా. ఎవరో నా స్ఫటికంలో దూరినారు."

బాషన్న చీపురు తెచ్చి ముక్కల్ని చేటలోకి ఎత్తుతాడు. పెద్దవి పారేయడు. చలికాలానికి పనికొస్తాయని బీరువాలో సర్దుతాడు.

ఈ సూది కోసం వకుళ ఎంత తిప్పలు పడిందో అతనికి తెలుసు. ఆమె అక్క మందాకినికి జ్వరం వచ్చి తగ్గాక ముఖంలో కుడివైపు పట్టు తప్పింది. కుడికన్ను మూతపడదు. తెరిచిన కంట్లోంచి కలలు బయటికి వచ్చేస్తాయి. మొన్న ఒక కల వంటింట్లో దూరి పెసరపప్పంతా తినేసింది. నిన్నటిది స్నానాలగదిలో గడియ పెట్టుకుని ఇంకా బయటికి రాలేదు. కంటి డాక్టరు చూసి, లోపల ఒక్క కలే మిగిలిందన్నాడు. అది కూడా పోతే ముందు కన్ను ఎండిపోతుంది, తరువాత మనిషి ఎండిపోతుంది. ఆ ఆఖరి కల ఇప్పటికే రెప్ప అంచుకు వచ్చి కూర్చుంది.

అందుకే వకుళ రెప్ప మీద అతికించే స్ఫటికం చేసింది. వెలుగు తగిలితే అది వంగాలి, దానితోపాటు రెప్ప వాలాలి.

మొదట చేసినవన్నీ వెలుగు తగలగానే ఫట్టున పగిలిపోయాయి. లోపలి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి మరీ గట్టిగా పట్టుకునేవి. ఆ పట్టంతా అణువు అంచున ఉన్న హైడ్రోజన్‌ది. వకుళ దాన్ని తీసేసి, ఆ చోట పట్టు తెలియని మిథైల్ అనే మెత్తటి పరమాణుగుంపును పెట్టింది. అణువుల పొరలు ఒకదానిమీద ఒకటి జారడం నేర్చుకున్నాయి. స్ఫటికం వంగింది.

వకుళ మైక్రోస్కోపులో కన్ను పెడుతుంది. లోపల వరసగా వాకిళ్లు. మిథైల్ మూట పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"నన్ను లేపినారు" అంటుంది మిథైల్.

"ఎవరు?"

"ఈ చోటు తనదన్నాడు. నిజమే కదా అని లేచినా."

వకుళ తల ఎత్తుతుంది. "పాతోడే, ఆ హైడ్రోజనే మళ్లా వచ్చినాడన్నా."

"తీసేసినాక యాడ పెట్టినావు వాన్ని?"

వకుళ సింకు వైపు చూస్తుంది. ఏం కలపాలో అందరూ అడుగుతారు. తీసేసినదాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ అడగరు. కడిగిన నీళ్లతోపాటు సింకులో పారబోసింది.

ద్రావణంలో కరిగి దాక్కున్నది ఎంతకీ బయటపడకపోతే, గాజుకడ్డీతో బీకరు లోపలి గోడను గీకుతారు. ఆ గీత ఆసరాగా స్ఫటికం మొదలవుతుంది. వకుళ గాజుకడ్డీ తీసి గది గోడను గీకుతుంది. ఆ చప్పుడుకు ఒళ్లు జలదరించి బాషన్న చెవులు మూసుకుంటాడు. గాలి పాలలా మసకబారుతుంది. గీత కింద ముందు ఒక పరుపుచుట్ట ఏర్పడుతుంది, తరువాత దాన్ని చంకన పెట్టుకున్న మనిషి.

మనిషి పొట్టివాడు. చేతులు మాత్రం చాలా పెద్దవి. ఎడమచెయ్యి గోడమీది గీతను పట్టుకుని ఉంది. కుడిచెయ్యి గది అడ్డంగా సాగి, బల్లమీది స్ఫటికంలో మణికట్టు దాకా ఉంది.

"ఎండను విరగ్గొట్టింది నువ్వే కదరా?" బాషన్న గద్దిస్తాడు.

"చెప్తా సామీ. ముందు పట్టుకునేకి ఏమన్నా ఇవ్వండి. ఉత్త చేతుల్తో నాకు మాట రాదు."

"ఆ స్ఫటికాన్ని వదులు" అంటుంది వకుళ.

"వదిలేది నేర్చుకోలేదమ్మా."

వకుళ తన చిటికెనవేలు చాపుతుంది. అతని కుడిచెయ్యి స్ఫటికంలోంచి జారి వచ్చి ఆ వేలు పట్టుకుంటుంది. నొప్పికి ఆమె పెదవి కొరుక్కుంటుంది, కానీ వేలు లాక్కోదు. స్ఫటికంలో ఖాళీ అయిన చోటికి మిథైల్ మూట తీసుకుని తిరిగి వెళ్తుంది.

మందాకిని దగ్గరికి వెళ్లడానికి ముగ్గురూ ఆటో ఎక్కుతారు. స్ఫటికం వకుళ ఒళ్లో డబ్బాలో ఉంది. బాషన్న అన్నిటికన్నా పెద్ద ఎండముక్కను టవల్లో చుట్టి తెస్తున్నాడు. ఇల్లు దగ్గరయ్యేకొద్దీ వీధి పొడవవుతుంది. ఆటోవాడు మీటరు వైపు చూసి, వీధి తప్పు తనమీద వెయ్యొద్దంటాడు.

మందాకిని మంచంమీద ఉంది. ఎడమకన్ను నిద్రపోతోంది. కుడికన్ను వాకిలి వైపు చూస్తోంది. దాని అంచున, కాళ్లు వేలాడేసుకుని ఆఖరి కల కూర్చుంది. రెండు జడల చిన్నపిల్ల, చిన్నప్పటి మందాకినే.

"ఏమే, ఎవురాయప్ప? చిటికెనేలు పట్టుకోనుండాడు, పెండ్లి చేసుకోని వచ్చినావా?" సగం నిద్రలోనే అడుగుతుంది మందాకిని.

"కాదక్కా. దొంగ."

"దొంగైనా మేలేలే. పట్టుకున్నోడు వదల్లేదు."

వకుళ ఒక్క చేత్తోనే స్ఫటికాన్ని రెప్పకు అతికిస్తుంది. బాషన్న టవల్ విప్పుతాడు. వెలుగు తగలగానే పసుప్పచ్చ సూది మెల్లగా, బద్ధకంగా వంగుతుంది. రెప్ప సగానికి వాలుతుంది. తలమీద నీడ పడేసరికి చిన్నపిల్ల బెదురుతుంది. లేచి నిలబడి, బయటికి దూకేస్తుంది.

వకుళ ఒక చెయ్యి రెప్పమీద ఉంది. రెండోది అతని పట్టులో ఉంది.

"పట్టుకో!" అని అరుస్తుంది. "నన్ను కాదు, దాన్ని!"

అతను ఆమె వేలివైపు చూస్తాడు. పిల్లవైపు చూస్తాడు. వేలు వదులుతాడు. పెద్ద చెయ్యి గాల్లోనే పిల్ల చెయ్యి అందుకుంటుంది, ఆ ఊపుకు ఇద్దరూ కంట్లోకి జారిపోతారు. వాళ్ల వెనక రెప్ప పూర్తిగా మూతపడుతుంది.

మందాకిని రెండు కళ్లతోనూ నిద్రపోతోంది. స్నానాలగది గడియ తీసిన చప్పుడు వినిపిస్తుంది. పరుపుచుట్ట మంచం పక్కనే ఉండిపోయింది. వకుళ కమిలిన వేలు ఊదుకుంటూ రెప్ప దగ్గర చెవి పెడుతుంది.

"నేనేనమ్మా" అంటోంది లోపలి గొంతు. "నీ స్ఫటికంలోకి మళ్లా వచ్చింది నేనే. ఆ మెత్తనిదాన్ని లేపింది నేనే. నా చోటు తప్ప నాకు ఇంకోచోటు తెలీదు. పొద్దున్నే ఎండ లోపలికొచ్చి మావాళ్లను వంచబోయింది. ఎత్తుకపోతుందేమో అనుకున్నా. దాన్ని గూడా పట్టుకున్నా. అంత గట్టిగా పట్టుకుంటే విరుగుతుందని తెలీలేదు. ఇప్పుడు ఈ పాప చెయ్యి పట్టుకునుండా, వదులుగానే. ఇది నా వేళ్లు ఒకటొకటే విప్పి లెక్కలు నేర్చుకుంటాంది. విప్పిన వేలల్లా పచ్చగా సూది మాదిరి పెరిగి, రెప్ప అవతలి వెలుగు దిక్కు వంగుతాంది తల్లీ. ఒక్కటీ విరగలేదు."