అరువిచ్చిన కేక

సినిమాలో ఎవరికి పురిటినొప్పులు వచ్చినా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్ నుంచి ప్రేమకుమారికే కబురు వెళ్ళేది. తెరమీద కథానాయిక చెదరని బొట్టుతో, నలగని చీరతో హాయిగా కంటుంటే, మైకు ముందు గొంతు చించుకునేది ఈమె. పిల్లలు లేని ప్రేమకుమారి అలా ఎందరి బదులు పురుడు పోసుకుందో ఆమెకే గుర్తులేదు.

జూబ్లీహిల్స్‌లో ఇళ్ళకోసం ఇంకా బండలు పగులుతున్న రోజులవి. థియేటర్ పక్క స్థలంలో రాళ్ళు కొట్టే వడ్డెర కూలీ భూలక్ష్మి మంచినీళ్ళకు ఇక్కడికే వచ్చేది. నెలలు నిండినా సుత్తి వదల్లేదు. ఒక మధ్యాహ్నం ఆమె కుళాయి దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయింది. ముఖమూ పాదాలూ పొంగి ఉన్నాయి.

“ఏమైంది భూలక్ష్మీ?” అంది ప్రేమకుమారి.

“నొప్పులు షురూ అయినయక్కా. తలకాయ పలుగుతున్నది. కండ్లు మసకమసక అయితున్నయ్.”

ప్రేమకుమారి ఆమెను ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నర్సు ఎగాదిగా చూసింది. “రాళ్ళు కొట్టేవాళ్ళకి కాన్పంటే చిటికెలో పనండీ. ఈమె మొహం చూస్తే నొప్పులున్నట్టే లేదు. బెంచీమీద కూర్చోబెట్టండి.” ఆ వెనకే కారు దిగి కేకలు పెడుతూ వచ్చిన ఒకావిడను మాత్రం పరుగున లోపలికి తీసుకెళ్ళారు.

“నువ్వూ ఒక కేక పెట్టమ్మా,” అని బతిమాలింది ప్రేమకుమారి.

“మా అమ్మ గిట్ల ఎన్నడు ఒర్రలేదక్కా. ఒర్రితే మావోళ్ళు నగుతరు.”

భూలక్ష్మి పళ్ళు బిగించి బెంచీ అంచు పట్టుకుంది. అంత నొప్పిని చప్పుడు లేకుండా ఒక మనిషి ఎలా దాచుకోగలదో ప్రేమకుమారికి అంతుపట్టలేదు. ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది. అంతలో భూలక్ష్మి చూపు ఎటో నిలిచిపోయింది.

ప్రేమకుమారి లేచి, గుండెల నిండా ఊపిరి తీసుకుని, ఏ సినిమాకూ పెట్టనంత కేక పెట్టింది. వరండా అదిరిపోయింది. పెద్ద డాక్టరు రమామణి తన గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

“ఎవరికమ్మా నొప్పులు?”

“గొంతు నాదండీ. నొప్పి ఈవిడది.”

కోప్పడబోయిన రమామణి భూలక్ష్మి ముఖం చూసి ఆగిపోయింది. బీపీ చూసిన మరుక్షణం స్ట్రెచర్ కోసం తనే కేక వేసింది.

సాయంత్రానికి తలుపు అవతల బిడ్డ ఏడ్చింది. థియేటర్లో ప్రేమకుమారి కేకల తర్వాత వినిపించే ఏడుపు ఎప్పుడూ టేపులోదే. నిజమైన ఏడుపు వినడం ఇదే మొదటిసారి. కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచి అలాగే నిలబడిపోయింది.

రమామణి బయటికి వచ్చి నర్సును పిలిచింది. “ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు. ఓర్చుకోవడమే ఆ తల్లి చేసిన తప్పయింది. కులాన్నీ కూలినీ చూసి నొప్పిని అంచనా కట్టమని మనకెవరు నేర్పారు? ఇకనుంచి ఈ గడప తొక్కిన ప్రతి గర్భిణికీ, అరిచినా అరవకపోయినా, ముందు బీపీ చూడండి. ప్రతి తల్లి పక్కనా ఈవిడలా కేక పెట్టేవాళ్ళు ఉండరు.”