తడి గోడ మీద నింద

గోడలు అలకడం వల్లే షాకు కొడుతోందన్న మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. కొండ మీది మా కాలనీ ఇళ్లకు కరెంటు వచ్చిన దగ్గర నుంచీ ఇదే పాట. పండగకు ఎర్రమట్టితో అలికితే గోడలోకి తడి దిగుతుందని, ఆ తడే కొడుతోందని ఇళ్లకు తీగలు లాగిన కాంట్రాక్టరు మనుషులు చెప్పారు. ఊళ్లో ఆడవాళ్లంతా నమ్మారు. నేనూ నమ్మాను. రెండేళ్లుగా మా గోడలకు మట్టి తగల్లేదు. అయినా సాయంత్రం పెరట్లో కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటూనే ఉంది.

మొన్న ఆ కుళాయి దగ్గరే మా అమ్మాయి రమణి పడింది. పురిటికి వచ్చిన పిల్ల, ఏడో నెల. బిందె వదిలేసి పక్కకు ఒరిగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. మర్నాడే పాడేరు నుంచి పైడిరాజును పిలిపించాను. మైదానం నుంచి వచ్చి అక్కడ కరెంటు పనులు చేసుకుంటున్నాడు. పాత ఫ్యూజుల బోర్డు పీకేసి, ట్రిప్పర్ ఉన్న కొత్త పెట్టె బిగించమన్నాను. కరెంటు దారి తప్పి మట్టిలోకి పోతే ఆ ట్రిప్పర్ టక్కున పడిపోయి మనిషిని కాపాడుతుందట.

పెట్టె బిగించి మెయిన్ వేశాడు. నిలిచింది. పెరటి లైటు వేయగానే టక్కుమని పడిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది.

“గోడలు తడమ్మా. మీరు అలుకుతారు కదా,” అన్నాడు. “ఈ ట్రిప్పర్ని తప్పించి డైరెక్టుగా కలిపేత్తాను. బేగి అయిపోద్ది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏటి కలిపేత్తావు? నా కూతురికేటైనా అయితే నువ్వొచ్చి లేపుతావా? గోడ అలికి రెండేళ్లయింది. సెయ్యెట్టి సూడు, పెచ్చులు రాల్తన్నాయి.”

గోడ తడిమి చూశాడు.

“తడే అయితే లైటు ఆపినా పడిపోవాల కదా. లైటేత్తేనే ఎందుకు పడతంది?”

అప్పటికి గానీ అతను పని మొదలుపెట్టలేదు. అన్నీ ఆపి ఒక్కొక్కటే వేశాడు. ముందు గది నిలిచింది, వంటగది నిలిచింది, ఫ్యాను నిలిచింది. పెరటి లైటు దగ్గరే పడింది. లైటుకు వెళ్లే తీగ ఒకటి, తిరిగి పెట్టెకు వచ్చే తీగ ఒకటి ఉండాలి. పెట్టెలో రెండోది లేనే లేదు. లైటు నుంచి దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ పోతే కుళాయి వెనక సిమెంటులోకి దిగింది. సిమెంటు కొట్టి చూస్తే ఇనుప పైపుకు చుట్టి ఉంది. లైటు వెలిగినంతసేపూ నా బిడ్డ ముట్టుకునే పైపులో కరెంటే.

“ఎవుడు సేసిన పని ఇది?”

“తీగ సుట్ట అయిపోనాదమ్మా. మళ్లీ కొండ దిగి తేవాల. పైపుకి కట్టేయండి, ఎలుగుద్ది అన్నాడు మేస్త్రి,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “అప్పుడు నేనూ ఆ గేంగులో ఉన్నాను.”

“మరి గోడ తడని మమ్మల్నెందుకు ఆడిపోసుకున్నారు?”

“అలాగే సెప్పమన్నాడు.”

ఎంత సులువు! తప్పు వాళ్లది, సిగ్గుపడి చేతులు ముడుచుకున్నది మేము. కడుపుతో ఉన్న పిల్ల నీళ్ల కోసం భయపడుతూ బతికింది. నాలుగు మాటలు గట్టిగా తిట్టాను. అతను తలెత్తకుండా లైటు నుంచి పెట్టె దాకా కొత్త తీగ లాగాడు. లైటు వేస్తే ట్రిప్పర్ నిలిచింది. అతను టెస్టర్ పెట్టి చూపించాక రమణి వేలి కొసతో కుళాయిని తాకింది. తర్వాత చెయ్యంతా పెట్టింది.

పైడిరాజు సామాన్లు సర్దుకుంటుంటే రమణి అడిగింది.

“అన్నా, తీగ మా ఒక్క ఇంటికే సరిపోనేదా?”

అతను సంచి ముడి వేస్తూ ఆగిపోయాడు.

“ఈ వరసంతా పైపుకే కట్టాం,” అన్నాడు.

అప్పుడే పక్కింటి పెరట్లో లైటు వెలిగింది. ఆ ఇంటి పిల్ల సోని బిందె చంకన పెట్టుకుని కుళాయి వైపు నడుస్తోంది.

“సోనీ, ముట్టుకోకే!” అని అరుస్తూ పరుగెత్తాను.