ఏడో మలుపు కొలత

కారులో కూర్చోవడానికి దావీదురాజు మాస్టారికి మూడు నిమిషాలు పట్టింది. ఎక్కడం అనే మాట ఆ వాహనానికి నప్పదు. ముందు లోపలికి దిగి కూలబడాలి. తరువాత ఒక్కొక్క కాలినీ చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి.

"బావిలోకి దిగినట్టుండాదా సార్?" అన్నాడు శామ్.

"బావిలో నీళ్లన్నా ఉంటాయి."

"మన వేంపల్లె బావుల్లో యాడుండాయి సార్?"

శామ్ ఒకప్పుడు ఆయన దగ్గర భౌతికశాస్త్రం చదువుకున్నవాడు. ఇప్పుడు బెంగళూరులో పాత కార్ల వ్యాపారం. ఈ రెండు సీట్ల పసుపు పచ్చ స్పోర్ట్స్ కారును అమ్మే ముందు నాలుగు రోజులు తిప్పుకుందామని ఊరికి తెచ్చాడు. మాస్టారికి షికార్ల మీద ఆసక్తి లేదు. అయితే మలుపు తిరిగేటప్పుడు మనిషిని పక్కకు నెట్టే బలం, బరువులో ఎన్నో వంతో అంకెల్లో చూపించే తెర ఈ కారులో ఉందని శామ్ నోట విన్న తరువాత ఆయనే అడిగాడు, "ఎద్దుల కనుమ దాకా తీసుకుపోతావా?" అని.

పదకొండేళ్ల కిందట రాయచోటి దారిలోని ఆ కనుమలో, ఏడో మలుపు దగ్గర ఒక ప్రైవేటు బస్సు బోర్లా పడింది. ఇద్దరు చనిపోయారు. అక్కడేదో దెయ్యం గాలి ఉందని జనం ఒక రాయి నిలబెట్టి పసుపు పూశారు. డ్రైవర్ ఇమామ్ అతివేగమే కారణమని పోలీసులు రాశారు. ఇమామ్ ఏడాది జైలులో ఉండి వచ్చాడు. ఆ రెండు మాటలనూ నమ్మని మనిషి మండలం మొత్తంలో దావీదురాజు ఒక్కడే. మేస్త్రీ దగ్గర వాలు చూసే రసమట్టం అడిగి తెచ్చి రోడ్డు మీద పెట్టి చూశాడు. మలుపులో రోడ్డు లోపలికి వాలవలసింది పోయి లోయవైపు వాలి ఉంది. నిండా జనం, పైన మూటలు ఉన్న బస్సు అక్కడ ముప్పై కిలోమీటర్ల వేగంతో పోయినా పడుతుందని లెక్క కట్టాడు. ఇరవై మూడు అర్జీలు పెట్టాడు. ఇన్నాళ్లకు వచ్చే బుధవారం రాయచోటిలో విచారణకు రమ్మని కబురు వచ్చింది. ఆయన మాట నిలబడితే ఇమామ్ పేరు మీద ఉన్న 'నిర్లక్ష్యం' అనే ముద్ర చెరిగిపోతుంది.

ఆ లెక్కలో ఆయన స్వయంగా కొలవని అంకె ఒకటే. మలుపు వంపు ఎంత అన్నది పాత రోడ్డు నక్షాలో నుంచి ఎత్తి రాసుకున్నాడు.

ఊరు దాటిన రెండో మైలులో కారు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా ఉలవకట్టె పరిచి ఉంది. లారీలూ బస్సులూ తొక్కుతుంటే కాయ చిట్లి ఉలవలు రాలతాయి. కళ్లం ఖర్చు తప్పుతుంది. గట్టు మీద కూర్చున్న తిమ్మయ్య అనే రైతు లేచి వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"పోనీప్పా, తొక్కిచ్చు. ఏం, బండికి కడుపులో నొప్పా?"

"కట్టె కింద చుట్టుకుంటే కాలిపోతాది పెద్దాయనా. శానా కిందికుండాది బండి."

"దీని కింద చీమ దూరాలన్నా తల వంచుకోవాల. ఇంత దుడ్డు పెట్టి నేలకు ఆనుకుండే బండి ఎందుకు కొన్న్యావప్పా?"

తిట్టుకుంటూనే తిమ్మయ్య కట్టెను ఒక వారకు లాగి దారి ఇచ్చాడు. కారు నత్తనడకన దాటింది. గంటకు మూడు వందల కిలోమీటర్లు పోగల యంత్రం ఉలవల ముందు వినయంగా ఉండటం మాస్టారికి నచ్చింది.

కనుమ మొదలైంది. ఎర్రమట్టి, బండరాళ్లు, ఎండిన గడ్డి. ప్రతి గులకరాయీ వెన్నులోకి వచ్చి తన ఉనికి చెప్పుకుంటోంది. ఏడో మలుపు దగ్గర పసుపు రాయికి ఎవరో కొత్త రవిక గుడ్డ కట్టారు.

"ముప్పైలో పోనీ," అన్నాడు మాస్టారు.

తెర మీద బరువులో పావు వంతుకు కాస్త పైన చూపించింది. ఆయన లెక్క ప్రకారం సగం దగ్గరికి రావాలి. బస్సు పడాలంటే అంత కావాలి.

"మళ్లీ."

మళ్లీ అంతే. నలభైలో పోతే సగానికి కొంచెం తక్కువ. నలభై అయిదులో సగం దాటింది. మాస్టారి భుజం తలుపుకు తగిలింది.

"యంత్రం సరిగ్గా చూపిస్తాందా?"

"సరిగ్గానే చూపిస్తాది సార్. కావాలంటే ఇంగోసారి పోదాం."

అవసరం లేదు. రోడ్డు లోయవైపు వాలి ఉన్న మాట నిజం. కానీ వంపు నక్షాలో ఉన్నంత బిగువుది కాదు. దాదాపు రెండింతలు విశాలం. ఈ మధ్య వెడల్పు చేశారేమో అన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. ఒక పక్క తొలచని బండ, మరో పక్క తాత ముత్తాతల నాటి రాతి గోడ. ఎవరూ ఏమీ చేయలేదు. నక్షా తనకు అనుకూలంగా ఉంది కనుక తాను కొలవలేదు. ఇతరుల్లో ఈ జబ్బును ఆయన నలభై ఏళ్లుగా పట్టుకుంటున్నాడు. బస్సు నలభై దాటే పోయింది.

కనుమ పైన ఇమామ్ కోవా అంగడి. కారును చూసి బయటికి వచ్చి, మాస్టారిని రెండు చంకల కింద పట్టుకుని లేపి నిలబెట్టాడు.

"బుధవారానికి కొత్త చొక్కా కుట్టించినా సారూ. శిరీన్ వద్దంటే వినలేదు," అన్నాడు. శిరీన్ అతని కూతురు.

మాస్టారు బల్ల మీద కూర్చుని, చేతికిచ్చిన కోవా తినకుండా పట్టుకున్నాడు. శామ్ కారు తుడిచే నెపంతో దూరంగా పోయాడు.

"ఇమామ్, ఇప్పుడే కొలిచినా. ఆ పొద్దు నువ్వు ముప్పైలో లేవు."

ఇమామ్ కోవా పళ్లెం మీద గుడ్డ కప్పాడు. మూలలు సరిచేశాడు. "లేను సారూ."

"పదకొండేండ్లు నాకెందుకు చెప్పలేదప్పా?"

"మీరు అడగల్యా."

"నేను అడగలేదా?"

"మీరు రోడ్డునడిగినారు. పోలీసులు బస్సునడిగినారు. ఊరోళ్లు ఆ రాయినడిగినారు. నేను జైలులో ఉంటే మీరొచ్చి, 'నీ తప్పు లేదు ఇమామ్, రోడ్డు వాలుండాది' అన్న్యారు. అంత చదివినాయన అంటాంటే కాదని యాడ చెప్పేది? నాకూ అదే బాగనిపించింది."

"మరి ఏమైంది?"

"కన్ను మూతపడింది సారూ. కాలు అట్లే ఒత్తుకుంది. ఎవరో అరిస్తే తెరిచినా, అప్పటికే గోడ వచ్చేసింది." కోవా పళ్లెం పక్కకు జరిపాడు. "బుధవారం పోవద్దులే. చొక్కా శిరీన్ పెండ్లికి తొడుక్కుంటా."

ఇరవై మూడు అర్జీలు. ప్రతి దాంట్లో పటం, ప్రతి దాంట్లో సూత్రం. ఒక్క దాంట్లో కూడా ఇమామ్ చెప్పిన మాట ఒక్కటి లేదు. జనం రాతికి రవిక కడితే నవ్వాడు. తాను కట్టినది నక్షా.

కోవాను బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, సంచిలో నుంచి ఇరవై మూడో అర్జీ నకలు తీశాడు. దాన్ని బోర్లించి, ఖాళీగా ఉన్న వెనకవైపు పైన తేదీ వేశాడు.

"బుధవారం పోతాం. పాత లెక్క తప్పని నేనే చెప్తా. బస్సు పడకముందు నువ్వు ఎప్పుడు పడుకున్నావో చెప్పు, రాసుకుంటా. ఆ పొద్దు ఎన్నింటికి లేచినావు?"

ఇమామ్ ఎదురుగా రోడ్డు మీద మెరుస్తున్న పసుపు కారును చూస్తూ వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు.

"లేచేదానికి పడుకుంటే కదా సారూ," అన్నాడు. "ఆదివారం బస్సెక్కిన కాడి నుంచి చెప్పమంటారా?"

బస్సు పడింది మంగళవారం. మాస్టారు 'ఆదివారం' అని రాశాడు.