శనివారం బరువు

శేషమ్మ బడి మానేశాక సంతకం తప్ప ఏదీ రాసి ఎరగదు. ఐదో క్లాసుతో చదువు ఆగింది. అలాంటి మనిషి శుక్రవారం సాయంత్రం వంటగదిలో కాగితం ముందేసుకుని కూర్చుందంటే, దానికి ఆ సంతకమే కారణం.

ఆమె పని, దేశం కాని దేశంలో, ఒక ఇండియన్ స్టోర్ వెనక కిచెన్‌లో. వారమంతా బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు లాగి నడుం పట్టేసేది. శనివారం మాత్రం హాయి. ఆ ఊళ్లో యూదులు కరెంటు స్తంభాల మీదుగా ఊరి చుట్టూ ఒక సన్నటి తీగ లాగి ఉంచారు. వాళ్ల మతం ప్రకారం శనివారం ఇంటి బయట ఏదీ మొయ్యకూడదు, నెట్టకూడదు. తీగ చుట్టేస్తే లోపలున్నదంతా ఒకే ఇల్లు కింద లెక్క. అందుకని ఆ తీగ లోపల శనివారం దేనికీ నిజంగానే బరువుండేది కాదు. ఎవరైనా సోఫా మార్చాలన్నా, ఫ్రిజ్ మేడెక్కించాలన్నా ఆ రోజే. స్టోర్ ఓనరు గిరిజ బియ్యం లోడు కూడా ఆ రోజే దింపించేది. నలభై పౌండ్ల బస్తాని శేషమ్మ అప్పడాల కట్టలాగా చంకలో పెట్టుకుని నడిచేది.

పక్కింటి ఎస్తర్‌కి ఎనభై దాటాయి. శనివారం పొద్దున్నే భర్త సాల్‌ని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి, వాళ్ల గుడికి ఒంటివేలితో నెట్టుకుపోయేది.

పోయిన చలికాలం వాళ్లుండే బిల్డింగ్‌లో సగం ఇళ్లకి హీటర్లు ఆగిపోతే, బాగుచేయించమని గడప గడపకీ తిరిగి సంతకాలు పట్టింది ఆవిడే. ఆవిడింట్లో హీటరు బాగానే ఉంది.

“మరి నీకెందుకమ్మా ఈ తిరుగుడు?” అంది శేషమ్మ.

“మేమూ ఒకప్పుడు పరాయి దేశంలో పరాయివాళ్లమే. అది మర్చిపోవద్దని మా గ్రంథంలో రాసి ఉంది,” అంది ఎస్తర్. ఆవిడది ఇంగ్లీషు, ఈమెది తెలుగు. పదకొండేళ్ల ఇరుగుపొరుగు, అర్థమైపోయేది.

ఇంగ్లీషు రాయడం రాదని శేషమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. “నీ అక్షరాలతోనే పెట్టు,” అని పెన్ను చేతికిచ్చి, అయ్యాక ఆ అక్షరాలకేసి చాలాసేపు చూసింది ఎస్తర్. నూట పన్నెండు సంతకాల్లో తెలుగుది అదొక్కటే. వారంలో హీటర్లు వెలిగాయి.

ఈ సెప్టెంబరులో గిరిజ కౌంటర్ మీద ఒక కాగితం పెట్టింది.

“శేషమ్మగారూ, ఇక్కడ సైన్ చేయండి. ఆ తీగ తీసేయించమని.”

“తీగ నిన్నేం చేసింది తల్లీ?”

“అది ఉంటే వాళ్లే వచ్చి ఊరంతా నిండిపోతారంట. మా వీధిలో అందరూ చేశారు.”

“మరి శనివారం లోడో?”

“ట్రాలీ కొంటాలెండి.”

మనం వచ్చిన కొత్తలో మన గురించీ ఇదే మాట అన్నారుగా అని శేషమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె మాటలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. షిఫ్టులు వేసేది గిరిజ. పెన్ను పట్టుకుంటే చెయ్యి తన గుండ్రటి అక్షరాలు తనే పెట్టేసింది.

గురువారం ఊరి మీటింగ్‌లో ఆ కాగితాలు అందరికీ పంచి, తీగ తీసేయాలని తేల్చారు. తిరిగొస్తూ ఎస్తర్ శేషమ్మ గుమ్మంలో ఆగింది. కాగితం మధ్యలో ఒకచోట వేలు పెట్టింది.

“ఇది నీదే కదూ. ఎంత అందంగా రాస్తావో నేను మర్చిపోలేదు.”

అంతే అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం నిచ్చెన లారీ వచ్చి తీగ చుట్ట చుట్టుకుపోయింది. నలభై ఏళ్లలో ఒక్క శనివారం గుడి తప్పని సాల్‌కి ఇక శనివారాలు నాలుగు గోడలే. ఆ సాయంత్రం శేషమ్మ గంటసేపు కూర్చుని ‘నా సంతకం నాకు ఇచ్చేయండి’ అని ఒక్క ముక్క రాసింది. అది ఎవరికివ్వాలో తెలియక, మడిచి జాకెట్లో పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే స్టోర్‌కి పోలేదు. వెళ్లి ఎస్తర్ వాళ్లింటి తలుపు కొట్టింది. నెట్టమని నోటితో అడగడం కూడా వాళ్లకి తప్పేనని ఆమెకి తెలుసు. అడగనివ్వలేదు. తనే లోపలికెళ్లి వీల్‌చెయిర్ పట్టుకుంది.

కదల్లేదు. పదకొండేళ్లుగా తను తేలిగ్గా ఎత్తేసిన బస్తాలన్నీ వచ్చి సాల్ ఒళ్లో కూర్చున్నాయి. ఆయన కోటు బొత్తాలు పెట్టుకుని వీధిలోకి చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. “లోడొచ్చింది, ఎవరూ ఎత్తలేకపోతున్నారు. పది నిమిషాల్లో రండి, లేదంటే సోమవారం నుంచి రానక్కర్లేదు,” అంది గిరిజ.

శేషమ్మ ఫోన్ ఆపేసింది. వంగి కుర్చీకి భుజం ఆనించింది. ఎస్తర్ చేతులు వెనక్కి పెట్టుకుని పక్కన నిలబడింది. గుడి మైలు దూరం. చక్రం బెత్తెడు కదిలింది.