సిబ్బికి మళ్ళీ పని పడిన ఆదివారం

నేను ఒక సిబ్బిని. అన్నం గిన్నెకి అడ్డం పెట్టి గంజి వార్చే చిల్లుల మూతనన్నమాట. అల్యూమినియం రేకును గుండ్రంగా కోసి ఒక్కో చిల్లూ కొట్టినవాడు మరిచిపోయుంటాడు గానీ, నాకు ప్రతి దెబ్బా గుర్తే. మా ఇంటి ఇల్లాలు కాసులమ్మ. ఆమె తల్లి నన్ను సంతలో కొని, కూతురి కాపురం సామానులో సర్దింది. అలా విశాఖ చేపల రేవు దగ్గర ఈ ఇంటికొచ్చాను. కుక్కర్ వచ్చాక మేకుకు వేలాడాను. మనుషులంతే, ఈల వేసేది కనబడితే పాతవాళ్ళని మరిచిపోతారు.

ఈమధ్య కాసులమ్మ పెనిమిటి మసేనుకి గుండె జబ్బు చేసింది. నూనె, ఉప్పు, కారం తగ్గించి, అన్నం బదులు చపాతీ పెట్టమన్నాడు డాక్టరు. నలభై ఏళ్ళు సముద్రం మీద చేపల వేటకెళ్ళిన మనిషి నాలుగు రోజులుగా చపాతీ తుంపి, పళ్ళెం తోసేస్తున్నాడు. పులుసు లేదని అలక అనుకున్నారు ఇంట్లో. మనిషి లేచి నిలబడితే తూలుతున్నాడు. కాసులమ్మకి భయం పట్టుకుంది.

కోడలు నూకరత్నం హోటల్ వంటగదిలో పనిచేస్తుంది. ఆదివారం పాస్తా పొట్లం తెచ్చింది. సూర చేప ఉడకబెట్టి, ముళ్ళు తీసి చిదిపింది. కీరా తురిమింది. హోటల్లో అయితే పెరుగు కలుపుతారట. చేపలో పెరుగంటే అత్త ఊరుకోదని నిమ్మరసం, మిరియాల పొడితో సరిపెట్టింది.

"అత్తా, పాస్తా పలుకు మీద ఉండగానే వార్చి చన్నీళ్ళు పొయ్యి," అని పొయ్యి మీద గిన్నె అప్పజెప్పి కొత్తిమీరకి వెళ్ళింది.

కాసులమ్మ నన్ను మేకు మీంచి తీసింది. ఎన్నాళ్ళకి! శుభ్రంగా వార్చాం. కానీ చేతి అలవాటు ఊరుకుంటుందా? అన్నం మగ్గబెట్టినట్టే గిన్నెను మళ్ళీ సన్న సెగ మీద పెట్టి మూతేసింది. కోడలు వచ్చేసరికి పాస్తా మెత్తటి ముద్ద.

"చన్నీళ్ళు పొయ్యమన్నాను కదత్తా."

"వార్చింది మగ్గనివ్వకుండా ఎవరైనా దింపుతారేటే?"

ఇంకో పొట్లం లేదు. చేసేదేముంది, అన్నీ కలిపి పెట్టింది. మసేను ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. పళ్ళెం ఖాళీ చేసి మళ్ళీ ముందుకు జరిపాడు.

"పులుసు లేకపోయినా దిగిందేటి?" అంది కాసులమ్మ.

"పులుసు ఎవడడిగాడు? దవడపళ్ళు ఊడిపోయి ఏడాదయింది. చపాతీ నమల్లేను," అన్నాడు తలొంచుకుని. "ముసిలోణ్ణయిపోయానంటారని చెప్పలేదు."

"నాకు తెలీదనుకున్నావేటి, ముసిలోడివని?" అని కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వడ్డించింది.

తర్వాత నన్ను కడిగింది. మేకుకు తగిలించలేదు. పొయ్యి పక్కనే బోర్లించింది, రేపటికి.