తూకంలో తేడా

చెప్పులు తీశాను, గడియారం తీశాను, జడపిన్నులు కూడా తీసేశాను, ఇంక తీయడానికి మిగిలింది సిగ్గొక్కటే, అదీ పార్సిల్ ఆఫీసు షట్టరు సగం దించి కాటా ఎక్కినప్పుడే పోయింది, అయినా ఎర్ర అంకెలు కదలడం లేదు, డెబ్బై ఎనిమిదిన్నర, నిన్న ఇదే కాటా, ఇదే వేళ, డెబ్బై ఏడు, దిగి మళ్ళీ ఎక్కాను, ఊపిరి బిగబట్టి ఎక్కాను, ఊపిరికి బరువుంటుందా ఏమిటి, కాటాది తప్పేమోనని పది కిలోల తూకపు రాయి పెట్టి చూశాను, పదికి పది చూపించింది, మహా నిజాయితీ దానికి, అంటే తేడా నాలోనే, మా పనిలో ఒక పద్ధతుంది, సాయంత్రం తూచి పెట్టిన పార్సిల్ పొద్దున తూకం మారితే ఎవరో విప్పారన్నమాట, పక్కన పెట్టి, అతుకులు చూసి, ఎవరి చెయ్యి పడిందో ఆరా తీయాలి, ఇప్పుడు నా అతుకులు నేనే వెతుక్కుంటున్నాను, నిన్న మధ్యాహ్నం ఉడికించిన కూరగాయలు, రాత్రి పలచటి సూపు, చప్పగా ఉందని రెండుసార్లు ఉప్పు వేసుకున్నాను, వ్యాను డ్రైవరు ఇచ్చిన బిస్కెట్టు సగం, మిగతా సగం తిరిగిచ్చేస్తే బిస్కెట్టుక్కూడా రసీదు రాయమంటారా మేడం అని నవ్వాడు, సగం బిస్కెట్టు కిలోన్నర ఎలా అవుతుంది.

తొమ్మిది రోజుల్లో మూడు కిలోలు తగ్గానని నిన్ననే అక్కకి ఫోనులో గొప్పలు పోయాను, ఇంకో అయిదు తగ్గితే నా కిడ్నీ నీదే అన్నాను, పెద్ద డాక్టరు కచ్చితంగా చెప్పేశారు, మీ ఇద్దరికీ అన్నీ సరిపోయాయమ్మా, కానీ ఎనభై కిలోలతో మీకు ఆపరేషన్ చెయ్యను, డెబ్బై రెండుకి వచ్చి కనిపించండి అని, అక్కకి రోజు విడిచి రోజు డయాలసిస్, చేతి నిండా సూదుల గుర్తులు, ఆ చేతులతోనే నాకు జడలు వేసేది, నాలుగేళ్ళ నన్ను బడి నుంచి చంకనెత్తుకుని తెచ్చేది, తనకీ అప్పుడు పదేళ్ళే, దారిలో గట్టు మీద దింపి, ఆయాసం తీర్చుకుని మళ్ళీ ఎత్తుకునేది, అలాంటి అక్క కోసం నోరు కట్టుకోలేకపోయాను, నావల్ల ఆలస్యమై ఈలోగా తనకేమైనా అయితే, భయంగా ఉంది, నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఫోను మోగింది, అక్కే, మామూలుగానే మాట్లాడాననుకున్నాను, ఏమే చిట్టీ, ఏడుస్తున్నావా అనేసింది, కిలోన్నర పెరిగిపోయానక్కా అన్నాను, అవతల నవ్వు, ఓసి పిచ్చిదానా, నేను నిన్న మిషను దగ్గరికి వెళ్ళేటప్పటికి అరవై, వచ్చేటప్పటికి యాభై ఎనిమిది, రేపటికి మళ్ళీ అరవై, రెండేళ్ళుగా ఇదే తంతు, ఆ రెండు కిలోలూ నేనటే, నీళ్ళు, రాత్రి ఉప్పేమైనా ఎక్కువ తిన్నావా, సూపులో వేసుకున్నానక్కా, అదీ సంగతి, ఉప్పు నీళ్ళని పట్టుకుని కూర్చుంటుంది, రెండు మూడు రోజుల్లో అదే పోతుంది, అసలు నిన్న నువ్వు చెప్పిన మూడు కిలోల్లోనూ సగం నీళ్ళే అయ్యుంటాయి, మనసు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను, మా ఆసుపత్రి నర్సమ్మని అడిగితే వారానికోసారి చూసుకుంటే చాలంది, నెల తిరిగేసరికి ఎటు పోతోందో తెలుస్తుందట, అంతవరకూ నువ్వు ఆగగలవా అక్కా, నోరు జారింది, ఆగుతానే, నిన్ను ఎత్తుకున్నప్పుడు దారిలో ఎన్నిసార్లు దింపలేదు, ఇల్లు చేరలేదా ఏం అంది.

షట్టరు పూర్తిగా ఎత్తాను, గుమ్మంలో ఎదురుచూస్తున్న దర్జీ బట్టల మూట తెచ్చి కాటా మీద పెట్టాడు, అంకెలు పైకీ కిందికీ ఆడుతున్నాయి, ఎంతండీ అన్నాడు తొందరగా, ఉండండి, కుదురుకోనివ్వండి అన్నాను, పన్నెండేళ్ళుగా ప్రతి మూటకీ అనే మాటే, ఊళ్ళోవాళ్ళ మూటలకి ఇచ్చిన ఆ కాస్త వ్యవధి నాకు నేనే ఇచ్చుకోలేదు, ఇప్పుడు నేను ఆ గట్టు మీద కూర్చున్నాను, అంతే, అక్క ఆయాసం తీర్చుకుంటోంది, ఇంకాసేపట్లో మళ్ళీ లేస్తాం, ఈసారి ఎత్తుకోవాల్సింది నేను.